ఇసుక నేలలో బాడిద: ఒక పక్షుల పెరటి కథ, 2017 నుంచి 2025 వరకు

2017 మే నెలలో రిటైరైన ఒక మాస్టారు, ఆయన భార్య నన్ను పిలిపించారు. బాపట్ల తీరంలో, సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపే వాళ్ళ ఊరు. ముప్పై సెంట్ల ఇసుక నేల, మధ్యలో చిన్న డాబా. పడమర నాలుగు కొబ్బరి చెట్లు, బావి పక్కన ఒక నిమ్మ చెట్టు, మిగతాదంతా పల్లేరు. “ఫలానా పూలు కావాలని లేదు బాబూ. తెల్లారి తలుపు తీసేసరికి పిట్టల సందడి ఉండాలి” అన్నారు ఆవిడ. పక్షుల కోసం, సీతాకోకచిలుకల కోసం పెరళ్ళు వేయడమే నా పని కాబట్టి ఆ మాట వినగానే ఒప్పుకున్నాను.

మొదటి వారం ఏమీ నాటలేదు, ఊరు తిరిగాను. చుట్టూ సరుగుడు తోటలు, జీడిమామిడి, వేరుశనగ చేలు. ఈ తీరంలో పిట్టలకు కష్టకాలం మాఘ, ఫాల్గుణాలు. వానలు పోయి రెండు నెలలవుతుంది, పురుగూ పుట్రా తగ్గిపోతాయి, కాయలు ఇంకా పండవు. సరుగుడు తోటలో ఆ రోజుల్లో ఎంతసేపు నిలబడినా గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. సరిగ్గా అప్పుడు పూసే చెట్టు ఈ పెరటికి కావాలి. కాలవ గట్టు మీద అలాంటి ముసలి చెట్టు ఒకటి కనపడింది. అదే బాడిద.

కొందరు దీన్ని ముళ్ళమోదుగ అంటారు. ఈ పేరు వల్ల ఒక చిక్కుంది. నర్సరీలో మోదుగ అని అడిగితే విస్తళ్ళు కుట్టే ఆకు మోదుగ చేతిలో పెడతారు. రెండిటికీ మూడేసి ఆకులు, రెండిటికీ మంటలాంటి ఎర్రటి పూలు. తేడా తెలుసుకోవడానికి కొమ్మ చూస్తే చాలు. మోదుగకు ముళ్ళుండవు. బాడిద లేత కొమ్మల మీద నల్లగా, పొట్టిగా, అడుగున వెడల్పుగా ఉండే ముళ్ళు బెరడుకు అంటుకుని ఉంటాయి. శాస్త్రీయ నామం ఎరిత్రినా వేరిగేటా. ఆకు మీద పసుపు చారలుండే తోట రకాన్ని బట్టి ఆ వేరిగేటా అన్న మాట వచ్చింది. మామూలు చెట్టు ఆకు పచ్చగానే ఉంటుంది. నర్సరీలో చారల రకం అందంగా కనిపిస్తుంది గానీ, నేను మాత్రం ఈ తీరంలోనే పుట్టి పెరిగిన చెట్టు గింజే కావాలనుకున్నాను.

ఇది అచ్చంగా తీరపు చెట్టు. దీని గింజలు ఉప్పునీటి మీద తేలి, నెలల తరబడి కొట్టుకుపోయి, ఎక్కడో ఒడ్డున మొలుస్తాయి. తూర్పు ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా సముద్రపు అంచున కనిపించడానికి కారణం అదే. ఉప్పుగాలిని ఓర్చుకుంటుంది. చిక్కుడు కుటుంబానిది కనుక వేళ్ళ బుడిపెల్లో నత్రజనిని నిలవేసుకుంటుంది. బలంలేని ఇసుకలో బతకడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ముళ్ళ గురించి మాస్టారికి భయం ఉంది. మనవలు సెలవులకొస్తారు. అందుకే మొదటి గీత కాగితం మీద కాదు, నేల మీదే గీశాం. ఇంటి గోడకు, బావికి, కరెంటు తీగకు కనీసం ఏడు మీటర్ల దూరంలోనే బాడిద. నడిచే దారి పక్కన వద్దు. తూర్పు, ఆగ్నేయాల వైపు గాలికి ఎదురుగా ముందు వరస కానుగ, గంగరావి. వాటి వెనక బాడిద. బాడిద కింద వాక్కాయ, బలుసు పొదలు. ఆ పొదలు కూడా ముళ్ళవే, పిగిలిపిట్ట గూడు కట్టుకుంటే పిల్లి దూరలేదు. అలా ముళ్ళన్నీ ఒకే పక్కకు చేరాయి, పిల్లలు ఆడుకునే చోటు వేరే అయింది.

గింజా, కొమ్మా?

కాలవ గట్టు చెట్టు కింద నల్లటి కాయలు ఏరి నలభై గింజలు తీశాను. ముదురు ఎరుపు, నున్నటి గింజ. పై తోలు ఎంత గట్టిదంటే ఊరికే నాటితే నెలలకొద్దీ అలాగే పడి ఉంటుంది. గింజ కన్నుకు ఎదురు వైపున గరుకు కాగితం మీద, లోపలి తెలుపు కనిపించేదాకా రుద్ది, రాత్రంతా నీళ్ళలో వేశాను. పొద్దుటికి ఉబ్బినవి నాటాను, ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దాను. రెండు వారాల్లోపే ముప్పై మూడు మొలిచాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. పచ్చి గింజల్లో విషపు ఆల్కలాయిడ్లు ఉన్నాయి. రంగు చూసి పిల్లలు నోట్లో పెట్టుకోకుండా, పని అయ్యేదాకా డబ్బాలో మూతపెట్టి ఉంచాను. తర్వాతి సంవత్సరాల్లో కూడా కాయ ఎండగానే ఏరేయమని ఆవిడకు చెప్పాను.

మొలకల్ని మామూలు నర్సరీ కవర్లలో కాకుండా, మూరెడు పొడవున్న సన్నటి సంచుల్లో పెంచాను. తల్లివేరు అడుగు తగిలి చుట్ట చుట్టుకోకూడదని. ఇసుక నేలలో చెట్టుకు ప్రాణం ఆ వేరే. పై రెండడుగుల్లో ఎండాకాలం చుక్క తడి ఉండదు. అక్టోబరు మొదట్లో, ఈశాన్య ఋతుపవనాల వానలకు ముందు, తొమ్మిది మొక్కలు నాటాం. గుంటలో సగం ఇసుకకు సగం చెరువు మట్టి, రెండు చేటల పశువుల ఎరువు. పైన కొబ్బరి పీచు, సరుగుడు ఆకు కప్పాం. ఉప్పుగాలి తగలకుండా మొదటి ఎండాకాలం తాటాకు తడికలు నిలబెట్టాం.

ఒక మొక్క మేకల పాలైంది. బాడిద ఆకంటే మేకలకు ప్రాణం, ముళ్ళు వాటిని ఆపలేవు. మిగతా ఎనిమిదింటికి సర్కారు తుమ్మ కంప చుట్టూ నాటాక గానీ నిమ్మళం కలగలేదు.

ఇక కొమ్మల సంగతి. 2018 వేసవికి గింజ మొక్కలు మోకాలెత్తున ఉన్నాయి. మేకలు కాసే పెద్దాయన ఒకరు గోడ అవతల నుంచి చూసి, “ఇదేం పని మాస్టారూ, నిలువెత్తు కొమ్మ నరికి పాతితే వానలకి చిగురేస్తది గదా” అన్నాడు. ఆ మాట నిజం. ఈ చెట్టును తరతరాలుగా కంచెకు అలాగే పాతుతున్నారు. మాస్టారు ఆగలేకపోయారు. మనిషెత్తు కొమ్మలు నాలుగు తెప్పించి ఉత్తరపు కంచె వెంట పాతించారు. నాకు ఇష్టం లేకపోయినా వద్దనలేదు, ఎందుకంటే తొందరగా పూసేది అవేనని నాకూ తెలుసు. జూన్ వానలకి నాలుగూ చిగురు పెట్టాయి. 2020 ఫిబ్రవరిలో రెండు పూశాయి. అప్పటికి గింజ చెట్లలో ఒక్కటీ పూయలేదు.

నడుమ వచ్చిన గండం

2019 జూలైలో ఆవిడ ఫోన్ చేశారు. “ఆకులన్నీ ముడుచుకుపోయి, కాడలు బొబ్బలెక్కినట్టు ఉన్నాయి బాబూ, చూస్తే భయంగా ఉంది.” వెళ్ళి చూస్తే లేత ఆకులు, కాడలు, చిగుళ్ళు అన్నీ బుడిపెలు బుడిపెలుగా ఉబ్బి ఉన్నాయి. ఒక బుడిపెను బ్లేడుతో కోస్తే లోపల చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో ఒక్కో తెల్లటి పురుగు.

ఇది బాడిద బుడిపె కందిరీగ, క్వాడ్రాస్టికస్ ఎరిత్రినే. ఆడది సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది, అంతే. లేత కణజాలంలో గుడ్లు పెడుతుంది. లోపల పిల్ల పెరిగేకొద్దీ చుట్టూ బుడిపె వస్తుంది. మూడు వారాల్లో ఒక తరం ముగుస్తుంది. సింగపూర్, మారిషస్, రీయూనియన్‌లలో దొరికిన వాటితో 2004లో దీనికి పేరు పెట్టారు. 2005లో హవాయికి చేరి అక్కడి బాడిద జాతి చెట్లను వేలల్లో చంపింది. దాన్ని తినే మరో చిన్న కందిరీగను ఆఫ్రికా నుంచి తెచ్చి 2008లో వదిలాక గానీ అక్కడ కాస్త అదుపు కాలేదు. మన దేశంలో కేరళ వైపు ముందు బయటపడింది.

మాస్టారు టెన్షన్ పడ్డారు. పురుగుమందుల కొట్టుకు వెళ్తే చెట్టు మొదట్లో వేసే గుళికలు ఇచ్చారట. వేళ్ళ నుంచి పీల్చుకుని చెట్టంతా పాకే మందు అది. నేను వద్దని గట్టిగా చెప్పాను. పరాయి చోట, పూలు తుంచేసే అలంకారపు చెట్టుకైతే ఆలోచించేవాణ్ణేమో. ఇక్కడ మనం ఈ చెట్టు పెంచుతున్నదే తేనె కోసం. చెట్టంతా పాకే మందు ఆకు దగ్గర ఆగదు, పువ్వులోకి, తేనెలోకి కూడా వస్తుంది. తేనెటీగకు, తేనెపిట్టకు మన చేత్తో మందు పోసినట్టవుతుంది. మాస్టారు ఆ మాట విని గుళికల పొట్లం మళ్ళీ కొట్టుకు పంపించేశారు.

దాని బదులు చేసింది ఇది. బుడిపెలున్న ప్రతి చిగురునూ నరికి అక్కడికక్కడే నల్లటి పాలిథిన్ సంచుల్లో వేసి మూతి కట్టి, నెల రోజులు ఎండలో ఉంచాం. ఎరువు గుంటలో వేస్తే లోపలి కందిరీగలు బయటికొచ్చి మళ్ళీ చెట్టెక్కుతాయి. ఎరువు వేయడం మొత్తంగా మానేశాం. వానాకాలంలో అదనపు నీరు ఆపేశాం. మాటిమాటికి కత్తిరించడం కూడా మానేశాం. ఇది ముఖ్యం, చాలామంది ఇక్కడే పొరపడతారు. కత్తిరించిన ప్రతిసారీ చెట్టు కొత్త చిగురు వేస్తుంది, కందిరీగకు కావలసింది ఆ చిగురే. ఏడాది పొడవునా కొద్దికొద్దిగా చిగురిస్తే దానికి ఏడాది పొడవునా మేత పెట్టినట్టు. చెట్టు ఒకేసారి చిగురించి, ఒకేసారి ముదిరితే కొంత నష్టంతో గట్టెక్కుతుంది.

అన్ని చెట్లకూ అలా జరగలేదు. నీడ పక్కనున్న ఒక గింజ మొక్క ఏడాదికి పైగా అదే పనిగా ముడుచుకుపోయి ఎదగలేదు. 2020 ఆగస్టులో దాన్ని వేళ్ళతో తీసేయించాను. ఆ రోజు మనసు బాగాలేదు. మిగిలిన ఏడింటిలో బుడిపెలు పోలేదు, ఇప్పటికీ వానాకాలపు చిగుళ్ళలో కనిపిస్తాయి. కానీ చెట్లు పెరిగాయి, పూశాయి. ఈ చెట్టు నాటదలచినవాళ్ళు ఈ పురుగు వస్తుందనే అనుకుని, ఒకే చోట డజను చెట్లు కాకుండా, విడివిడిగా నాలుగైదు నాటితే మేలు. నేను తొమ్మిది దగ్గరదగ్గరగా నాటడం ఎక్కువే.

పూలు, పిట్టలు

2021 ఫిబ్రవరిలో గింజ చెట్లు రెండు పూశాయి. 2022కి ఒక్కటి తప్ప అన్నీ పూశాయి. ఆకంతా రాలి, బోసి కొమ్మల చివర్లలో ఎర్రటి గుత్తులు. పువ్వుకు ఒక రేక పెద్దది, వెనక్కి తెరుచుకుంటుంది. కేసరాలు ముందుకు పొడుచుకు వస్తాయి. అడుగున తేనె పలచగా, నీళ్ళలా, కానీ బోలెడు. పొద్దున్నే కొమ్మ కదిపితే చేతి మీద చినుకులు పడతాయి. బాగా తీయగా ఉండే చిక్కటి తేనె కాదది. కాకులు, గోరింకల్లాంటివి నీళ్ళు తాగినట్టు తాగే తేనె.

ఆవిడ నోటుపుస్తకంలో రాసుకున్న లెక్క నా దగ్గరుంది. 2022 ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా పదకొండు రకాలు. కాకులు ముందు. తర్వాత గోరింకలు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు, ఏట్రింతలు, చిలుకలు. చిలుకలు తేనె తాగడం తక్కువ, రేకలు చింపి కింద పారేయడం ఎక్కువ. తేనెపిట్టకు ముక్కు అందకపోతే పువ్వు అడుగున పక్కనుంచి చిల్లు పొడిచి తాగుతుంది, దానివల్ల చెట్టుకు లాభం లేదు. గోరింకలు అలా కాదు. తల మొత్తం పువ్వులో పెడతాయి, బయటికొచ్చేసరికి నుదురంతా పుప్పొడి. ఆ నుదురుతోనే పక్క చెట్టు మీదికి పోతాయి. చలికాలానికి మన దేశం వచ్చే గులాబీ గోరింకల గుంపు ఒకటి ఆ ఏడాది నాలుగు రోజులు ఉండిపోయింది. ఆ నాలుగు రోజులూ మాస్టారు పేపరు వాకిట్లోనే చదివారు. ఉడుతల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పూయని ఆ ఒక్క చెట్టు నిమ్మ దగ్గరిది. ఆకు దట్టంగా, ఆరోగ్యంగా ఉంది, ఫిబ్రవరిలో కూడా రాల్చలేదు. చూస్తే నిమ్మకు పెట్టిన డ్రిప్ గొట్టం ఆ బాడిద మొదలు దగ్గరే కారుతోంది. ఈ చెట్టుకు వానల తర్వాత ఎండు కాలం కావాలి. ఎండితేనే ఆకు రాలుస్తుంది, ఆకు రాలిస్తేనే బాగా పూస్తుంది. నవంబరులో ఆ గొట్టం మార్పించాం. 2023 ఫిబ్రవరిలో అదీ పూసింది. పచ్చిక బయళ్ళ మధ్య, రోజూ నీళ్ళు పెట్టే చోట బాడిద ఎందుకు పూయడం లేదని నన్ను చాలామంది అడుగుతారు. జవాబు నీళ్ళ గొట్టంలోనే ఉంటుంది.

2023 డిసెంబరు 5

మిగ్‌జాం తుపాను ఆ మధ్యాహ్నం బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి, ఆపైన విసుర్లు. మూడో రోజుకు గానీ నేను ఆ ఊరు చేరలేకపోయాను. మాస్టారు దంపతులు క్షేమం, డాబా క్షేమం. పెరట్లో నీళ్ళు మడమ దాకా ఉన్నాయి.

ఉత్తరపు కంచె వెంట పాతిన నాలుగు కొమ్మ చెట్లలో మూడు వేళ్ళతో లేచి పడిపోయాయి. పెద్ద చెట్లు, మూడేళ్ళు కళ్ళ నిండా పూసిన చెట్లు. ఏడు గింజ చెట్లలో ఒక్కటీ పడలేదు. రెండింటికి పెద్ద కొమ్మలు విరిగాయి, ఒకదానికి తల మొత్తం పోయింది. అన్నిటి ఆకులూ ఉప్పుగాలికి మాడి నల్లబడ్డాయి.

పడిన చెట్ల వేళ్ళు చూశాను. నేలకు అడుగున్నర లోతులో, పళ్ళెంలా పక్కలకు పరుచుకుని ఉన్నాయి. కిందికి దిగిన వేరు ఒక్కటీ లేదు. పాతిన కొమ్మకు తల్లివేరు ఉండదు, నరికిన చోటు చుట్టూ వచ్చే పక్కవేళ్ళే దానికి ఆధారం. తడిసిన ఇసుకలో ఆ పళ్ళెం ఎంతసేపు నిలబడుతుంది? ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఉత్తరపు కంచె పల్లపు వైపు, అక్కడ నీరు ఎక్కువ నిలిచింది, ముందు కానుగ వరస అడ్డు కూడా లేదు. కాబట్టి తేడా అంతా వేరుదేనని అనను. కానీ ఆ వేళ్ళు కళ్ళారా చూశాక, తుపాను తీరంలో ఇంటి దగ్గర బాడిద నాటమంటే నేను గింజ నుంచే నాటుతాను. కొమ్మ చెట్టు కావాలంటే ఇల్లూ దారీ అందనంత దూరంలో, కంచెకు మాత్రమే. ఏడాదికోసారి తల నరుకుతూ పొట్టిగా ఉంచుకోవాలి.

అయినా మాస్టారు తొందరపడ్డారని నేను అనలేను. గింజ చెట్లు పూసే లోపల, 2020లో పిట్టల్ని ఆ పెరటికి అలవాటు చేసింది ఆ కొమ్మ చెట్లే.

పడిన మొదళ్ళలో రెండు కోయించి బయటికి పంపాం. ముళ్ళున్న రెమ్మలన్నీ తోలు చేతితొడుగులతో ఏరి, ఒకచోట కుప్పవేసి కాల్చాం. ఎండిన బాడిద ముల్లు ఇసుకలో కనపడదు, చెప్పు అడుగున దిగుతుంది, ఆ ఒక్క విషయంలో బద్ధకం పనికిరాదు. మూడో మొదలును వాక్కాయ పొదల కింద నీడలో అలాగే వదిలేయమన్నాను. కలప బెండులా మెత్తన, ఏడాదిలోపే పురుగులతో, తొండలతో నిండిపోయింది. తల పోయిన గింజ చెట్టును కూడా మొదలంటా కోయనివ్వలేదు. మనిషికి రెండింతల ఎత్తున మోడు, దానికి పక్కకు వాలిన ఎండు కొమ్మ ఒకటి మిగిలాయి. కింద కొత్త చిగుళ్ళు వచ్చాయి.

2025 జనవరి చివర్లో ఆవిడ ఫోన్‌లో ఒక చప్పుడు వినిపించారు. టుంక్, టుంక్, టుంక్. కంసాలిపిట్ట. ఆ ఎండు కొమ్మ అడుగు భాగాన రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్ద కన్నం తొలుస్తోంది. గట్టి కలపలో ఆ చిన్న పిట్ట ముక్కు ఆడదు, మెత్తగా పుచ్చిన కొమ్మే కావాలి దానికి.

వెళ్ళి చూశాను. చిక్కల్లా ఆ కొమ్మ బావికి వెళ్ళే దారి మీదికి ఉంది. మొదట గీసిన గీత ప్రకారం అక్కడ దారే లేదు. తుపానుకు పాత దారి కోసుకుపోయాక, అటు నుంచి నడవడం అలవాటైంది. ఎండు కొమ్మ ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం, కింద నడిచే మనిషి మీద పడితే ముళ్ళతో పడుతుంది. కోసేయడం ఒక్కటే మార్గమని నేను చెప్పబోతుంటే మాస్టారు లోపలికి వెళ్ళి పార తెచ్చారు. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి దారిని మూడు గజాలు పక్కకు జరిపాం. కొమ్మ కింద వాక్కాయ మొక్కలు నాలుగు నాటాం, ఎవరూ అటు నడవకుండా.